మండలమంతా ఖాన్ మనవలే

ఉలాన్ ఖోషూ మండల కేంద్రం,
పసుపు పులి యేడు, శరదృతువు నడిమి నెల
1998 సెప్టెంబరు 27

నా తమ్ముడు దామ్‌దిన్‌కి,

శరత్కాలం హాయిగా గడుస్తోందా? పశువులు కొవ్వు పట్టాయా? గడ్డి బాగుందా? నాలుగో అంతస్తులో ఉండేవాడికి పశువులెక్కడివని నవ్వకు, అడగవలసిన పద్ధతిలో అడగాలి కదా. పోనీ, నీ పుస్తకాలు కొవ్వు పట్టాయా? కాలికి వేసిన పిండికట్టు విప్పారా? మరదలు కసురుకోకుండా వేళకి సూప్ పోస్తోందా? మ్యూజియం మెట్ల మీద జారిపడ్డ చరిత్ర మేష్టారివి నువ్వొక్కడివేనేమో. ఇక్కడ మేమంతా సుఖంగా ఉన్నాం. మేకలు నడవడానికి బద్ధకించేంత బలిశాయి. నా మోకాలు చలికాలం కబురు ముందుగా చెబుతోంది గానీ, మిగతా ఒళ్లంతా బాగానే ఉంది.

నీ తంతి అందింది. టపా డ్రైవరు దాన్ని నా హోటల్లో, మాంసం కుడుములు తింటున్న జనం ఎదుట, గట్టిగా చదివి మరీ ఇచ్చాడు. ఖాన్ వంశం పేరు ఎందుకు వదిలావు, మతి పోయిందా, వెంటనే జవాబు రాయి అని. ఒక్క కుశలప్రశ్న లేదు, పెళ్లి ఎలా జరిగిందన్న మాట లేదు. నువ్వు తంతిలో కూడా మేష్టారివేరా! సరే, నీ మేనకోడలి పెళ్లికి నువ్వు రాలేకపోయావు కాబట్టి పెళ్లి కబురూ, పేరు కబురూ కలిపి రాస్తున్నాను. రెండూ ఒకటే కబురు. మొదటి నుంచీ చెబుతాను. కాలు కట్టేసి ఉంది గనక మధ్యలో లేచిపోలేవు, అదొక్కటి నాకు కలిసొచ్చింది.

వసంతంలో మండలాఫీసుకి దొల్గోర్ అని ఒక పిల్ల వచ్చింది. పుట్టుకలూ చావులూ రాసే ఉద్యోగం. ఇన్నేళ్లూ మనకి తండ్రి పేరూ మన పేరూ తప్ప వంశం పేరంటూ లేకుండా చేశారు కదా, ఇప్పుడు ఎవరి వంశం పేరు వాళ్లు వెతుక్కుని రాయించుకోవాలని సర్కారు చెప్పిందట. తెలియనివాళ్లు తమకి నచ్చింది పెట్టుకోవచ్చట. నచ్చింది పెట్టుకోండి అన్న మాట మనవాళ్ల దగ్గర అనవచ్చునా? మొట్టమొదట బాయిలరు మంట వేసే ఆయన వెళ్లి బోర్జిగిన్ అన్నాడు. సాక్షాత్తూ చింగిస్ ఖాన్ వంశం. ఆయన వెనక బావులు తవ్వే ఆయన, ఆయన వెనక కిరాణా కొట్టావిడ, పొరుగుదేశం నుంచి వచ్చి స్థిరపడ్డ వడ్రంగి, చెవుడున్న గొర్రెలాయన. గొర్రెలాయనకి దొల్గోర్ అడిగింది వినపడలేదు, ముందువాడు ఏమన్నాడో నాకూ అదే రాయమ్మా అన్నాడు. కొన్నాళ్లకి దొల్గోర్ ఏ వంశమని అడగడం మానేసి, మీరూ ఖాన్ మనవలేనా, దయచేయండి ప్రభూ, ఇక్కడ సంతకం చేయండి ప్రభూ అనడం మొదలుపెట్టింది. ఎవరికీ కోపం రాలేదు, అందరూ నిజంగానే ప్రభువుల్లా సంతకం చేశారు.

నేనూ వెళ్లాను. నువ్వు ఉత్తరం రాశావు కదా, అక్కా, బోర్జిగిన్ అని రాయించు, నేనూ అదే రాయించాను, మనకి ఆధారం లేకపోయినా కాదనడానికి ఎవరి దగ్గరా ఆధారం లేదు అని. చదువుకున్న తమ్ముడి మాట కదా అని మారు మాట్లాడకుండా రాయించుకున్నాను. ఉయంగాకి కూడా అదే పేరు పడింది. దాని తండ్రి లారీ ఏ రంగుదో నాకు గుర్తుంది గానీ ఆ మనిషి వంశం అడగడానికి తీరిక దొరకలేదు. అందుకని పిల్ల మొదటినుంచీ నా పేరు మీదే ఉంది.

ఇక మన గొంబో సంగతి. సహకార సంఘానికి అధ్యక్షుడిగా చేశాడు, నీకు తెలియకపోవడమేమిటి. ఒకసారి ఎవరిదో పెళ్లిలో ముసలి గాయకుడు ఖాన్ పేరున్న పాట ఎత్తుకుంటే, లేచి నిలబడి, అది ఆపి ట్రాక్టరు పాట పాడమన్నాడే, ఆ గొంబోనే. పాపం ఆ ముసలాయనకి ట్రాక్టరు పాట రాదు, మనమందరం కలిసి ఏదో మూలిగి గట్టెక్కించాం. ఆ గొంబో ఇప్పుడు ఇంట్లో ఉత్తరపు గోడకి ఖాన్ పటం కట్టాడు. దాని ముందు కూర్చుని టీ తాగుతాడు. తన రష్యా జీపు తలుపు మీద ఎర్ర రంగుతో బోర్జిగిన్ అని రాయించాడు. రంగు అయిపోయి చివరి అక్షరం నీలంగా వచ్చింది.

అతని కొడుకు తొమోర్‌కీ మన ఉయంగాకీ స్నేహం కలిసింది. ఉయంగా ఇక్కడే పశువుల డాక్టరు దగ్గర పనిచేస్తోంది కదా, తొమోర్ ఒంటెకి లేని జబ్బులన్నీ తెచ్చేవాడు. డాక్టరు విసిగిపోయి, నాయనా, నీ ఒంటె రాయిలా ఉంది, జబ్బు నీకే, వెళ్లి మీ నాన్నకి చెప్పు అన్నాడట. కుర్రాడు మంచివాడు. మాట తక్కువ, నవ్వు ఎక్కువ. నాకు మొదటిరోజు నుంచే నచ్చాడు, పైకి మాత్రం మొహం ముడుచుకునే ఉన్నాను.

వేసవి చివర్లో పిల్లని అడగడానికి వచ్చారు. గొంబో, అతని తల్లి యంజ్మా అవ్వ, మాటలాడే పెద్దగా బళ్లో సంగీతం మేష్టారు. నీలి పట్టు కండువా, ఒక తోలుసంచి నిండా పులిసిన గుర్రప్పాలు, అన్నీ పద్ధతి ప్రకారం. నేను పొద్దుటినుంచి కుడుములు చుట్టి ఆవిరికి పెట్టాను. ఉయంగా కొత్త అంగీ వేసుకుని పొయ్యి పక్కన తలవంచుకుని కూర్చుంది. అది తల వంచుకుని కూర్చోవడం నేను జన్మలో చూడలేదు. ముక్కుపొడుం బుడ్లు చేతులు మారాయి. అవ్వ నా బుడ్డి వాసన చూసి, తిరిగి ఇచ్చి, పిల్లది ఏ ఎముక, ఏ వంశం అని అడిగింది.

సంగీతం మేష్టారు ఛాతీ విరుచుకుని, బోర్జిగిన్ అవ్వా, ఖాన్ ఎముక అన్నాడు. మరి మనది అంది అవ్వ. అదేంటమ్మా, మనమూ బోర్జిగినే కదా, మొన్ననే రాయించాం అని గొంబో మురిసిపోయాడు. అవ్వ కర్ర అందుకుంది. అయితే లేవండి, ఒకే ఎముకలో అన్నాచెల్లెళ్లకి పెళ్లేమిట్రా, దీనికోసమా నన్ను జీపులో కుదిపి తెచ్చావు అంది.

ముందు అందరం నవ్వాం. అవ్వ నవ్వలేదు. అమ్మా, అది కాగితం మీద రాసుకున్న పేరే కదా అన్నాడు గొంబో. అయితే అబద్ధమా అంది. అబద్ధమెందుకవుతుంది అని ఉలిక్కిపడ్డాడు. మరి నిజమా అంది. నిజమే అన్నాడు. నిజమైతే లే, అబద్ధమని ఒప్పుకుంటే కూర్చుంటాను, ఏదో ఒకటి తేల్చు, నా కాళ్లు నొప్పెడుతున్నాయి అంది. గొంబో ఒకసారి కొడుకు మొహం చూశాడు, ఒకసారి కుడుముల వైపు చూశాడు. అబద్ధమని మాత్రం అనలేకపోయాడు. కండువా మడత విప్పకుండానే చంకలో పెట్టుకుని లేచాడు. జీపు వెళ్లిపోయాక నేను పొయ్యి మీద మూత తీశాను. అన్ని కుడుములూ అలాగే ఉన్నాయి. ఉయంగా వాటిని చూసి ఏడవడం మొదలుపెట్టింది.

నాకు ఒళ్లు మండిపోయింది. మర్నాడే వాళ్లింటికి వెళ్లాను. గొంబో గారూ, దొల్గోర్ దగ్గరికెళ్లి మీ పేరు మార్చుకోండి, పిల్లలు ఏడుస్తున్నారు అన్నాను. మగపిల్లవాడి వైపువాళ్లం మేమెందుకు దిగాలమ్మా, మీరే దిగండి అన్నాడు. ఆడపిల్ల తల్లినైతే దిగాలా, ఏ కాలంలో ఉన్నారు, మొన్నటిదాకా ఆడామగా సమానమని మైకులో అరిచింది మీరు కాదూ అన్నాను. అది వేరే అన్నాడు. ఏం వేరే అన్నాను. జీపు మీద రంగు వేయించాను, చెరిపితే మరక పోదు అన్నాడు. నేను వచ్చేశాను. ఆయన నా హోటలుకి రావడం మానేశాడు. కుడుములు మాత్రం మనిషిని పంపి తెప్పించుకునేవాడు, నేను ఉల్లిపాయ లేకుండా చేసి పంపేదాన్ని.

మా ఒక్కరి గొడవే అయితే సరిపోయేది. అవ్వ అన్న మాట నాలుగువైపులా పాకింది. ఇంకా మాటల్లో ఉన్న పెళ్లిళ్లు ఆగిపోయాయి. ఎక్కడ చూసినా ఖాన్ మనవడే, ఎవర్ని చేసుకోవాలన్నా ఖాన్ మనవరాలే. బళ్లో లెక్కల మేష్టారూ ఆయన పెళ్లామూ ఇద్దరూ బోర్జిగిన్ అని రాయించుకున్నారు, ఇంటినిండా పిల్లలు. ఆవిడ భర్తని నలుగురిలో అన్నయ్యా అని పిలిచి ఏడిపించడం మొదలుపెట్టింది. ఆయన బడికి చాటుగా దొడ్డిదారిన వెళ్లేవాడు. నవ్వీ నవ్వీ నా పక్కలు నొప్పెట్టేవి, ఇంటికొచ్చి పిల్ల మొహం చూస్తే ఆ నవ్వంతా ఎటో పోయేది.

ఒకరోజు పాలు పితుకుతూ ఉయంగా నాతో అంది. అమ్మా, ఉన్ని లారీలు బయలుదేరేటప్పుడు మేమిద్దరం వాటిలో పట్నం వెళ్లిపోతాం, అక్కడ ఎవరూ ఎముక అడగరు, నీ మీద నాకు కోపం లేదు, నువ్వు మాత్రం ఏడవకు అంది. పాల చెంబు కింద పెట్టేశాను. దామ్‌దిన్, లారీ ఎక్కి వెళ్లినవాళ్లు తిరిగి ఎలా వస్తారో, అసలు వస్తారో రారో నాకు చెప్పక్కర్లేదు. ఉన్న ఒక్క పిల్ల. దాని కొత్త ఇంటి పొయ్యి వెలగడం నా కళ్లతో చూడాలని, దాని చేతి మొదటి టీ నేను తాగాలని ఎన్నేళ్లనుంచి అనుకుంటున్నానో ఎవరికి తెలుసు. ఇంత గొడవా ఒక పేరు కోసం.

ఈలోగా దొల్గోర్ సభ పెట్టింది. పిల్ల భయస్తురాలు కాదు. సాంస్కృతిక భవనంలో అందర్నీ కూర్చోబెట్టి, ప్రభువులారా, ఇలా అయితే ఈ మండలంలో ఇక పెళ్లిళ్లూ లేవు, పుట్టుకలూ లేవు, నా ఉద్యోగం ఊడుతుంది, మీలో కొందరు దిగాలి, ఎవరు దిగుతారు అంది. ఎవరూ కదల్లేదు. ప్రజాస్వామ్యం కదా, ఓటు పెట్టండి అని ఎవరో అరిచారు. సరే, ఎవరు దిగాలో చేతులెత్తి చూపించండి అంది. హాల్లో అందరూ చేతులెత్తారు. ప్రతివాడి వేలూ పక్కవాడి మీదే. వడ్రంగి వైపు చూపించినవాళ్లు ఎక్కువ, ఆయన తన వేలు కిటికీలోంచి గుర్రం వైపు చూపించాడు. ఇది మన స్వేచ్ఛ! ప్రజాస్వామ్యం కావాలని నువ్వు చలిలో పట్నం చౌకులో కూర్చుని సాధించిందిదే, చూసుకుని మురిసిపో.

ఆ నవ్వుల మధ్య గొంబో లేచాడు. నవ్వండి, నాకు తెలుసు మీరెందుకు నవ్వుతున్నారో అన్నాడు. ఈ మండలంలో ఖాన్ పేరు ఎవరూ ఎత్తకుండా కాపలా కాసింది నేనే. మనం రష్యా అన్నకి తమ్ముళ్లం అని చెప్పమన్నారు, చెప్పాను. మంద నీదీ కాదు నాదీ కాదు, అందరిదీ అని చెప్పమన్నారు, అదీ చెప్పాను, నమ్మే చెప్పాను. ఒకనాడు పొద్దున్నే రేడియో పెడితే అన్నీ రద్దయిపోయాయి. సంఘం పోయింది, మంద ఎవరిది వాళ్లు తోలుకుపోయారు, నేను జన్మంతా చెప్పిన ప్రతి మాటా తప్పట. గడ్డం గీసుకోవడానికి అద్దం ముందు కూర్చుంటే, వీడెవడురా అనిపించేది. బోర్జిగిన్ అని రాసుకున్న రోజున మళ్లీ నిటారుగా నడిచాను. ఇప్పుడు దిగమంటున్నారు. దిగితే నేనెవణ్ణి, మీలో ఎవరైనా చెప్పండి అన్నాడు.

దామ్‌దిన్, నాకు ఆయన మీద ఉన్న కోపమంతా ఆ క్షణంలో పోయింది. అంత పెద్దమనిషి, మీసాలవాడు, నేనెవణ్ణి అని అడుగుతుంటే జాలేసింది. నేనెలా లేచానో నాకే తెలియదు. గొంబో గారూ, మీరు కూర్చోండి, మీ పేరు మీ దగ్గరే ఉంచుకోండి, నేను దిగుతున్నాను అన్నాను. తొమోర్ కూర్చున్నచోటే బల్ల మీంచి లేచి మళ్లీ కూలబడ్డాడు. ఉయంగా నా అంగీ పట్టుకుంది. దొల్గోర్ కలం తీసి, దిగి ఎక్కడికెళ్తావక్కా, ఏ వంశమని రాయను అంది. నోటికొచ్చింది అనేశాను. గుండిగ అని రాయి అన్నాను.

ఇక చూడు నవ్వులు! గుండిగ వంశమట, మూత వంశం ఎక్కడ, గరిటె వంశం ఎక్కడ అని వెనకబెంచీల్లోంచి కేకలు. నాకు రోషమొచ్చింది. ఎందుకయ్యా నవ్వుతారు అన్నాను. ఖాన్ సేన సగం భూమి తిరిగింది కదా, గాలి తిని తిరిగిందా? వాళ్లకి మాంసం ఉడకబెట్టినవాళ్లు లేరా, గుర్రాలకి నీళ్లు పెట్టినవాళ్లు లేరా, బాణాలు చెక్కినవాళ్లు లేరా? వాళ్లందరూ పిల్లాజెల్లా లేకుండానే పోయారా? మనందర్నీ ఒక్క ఖానే కని పెంచాడంటే ఆ మహానుభావుడికి గుర్రమెక్కడానికి తీరికెప్పుడు చిక్కింది అన్నాను. చెవిటి గొర్రెలాయనకి కూడా ఈ మాట వినిపించింది, కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. ఈ హాల్లో సగం మంది బడి హాస్టల్లో నా గుండిగలో సూప్ తాగి పెరిగినవాళ్లే, నాకా పేరు తగునో తగదో మీ కడుపుల్నే అడగండి అని కూర్చున్నాను.

అప్పుడు యంజ్మా అవ్వ కర్రతో నేల మీద కొట్టింది. అదీ ఎముకంటే, గొంబో, రేపు కండువా తియ్యి అంది, నా వైపు తిరిగి నువ్వు కుడుములు వేడిగా ఉంచు, ఈసారి ఉల్లిపాయ వెయ్యి అంది. చప్పట్లు మోగిపోయాయి. ఆ తర్వాత దొల్గోర్ బల్ల ముందు వరస కట్టారు. బావులాయన మాది నీటి వంశమని రాయమన్నాడు. లెక్కల మేష్టారి భార్య తన పేరు ఉంచుకుని భర్తని దింపేసింది, ఆయన సుద్దముక్క వంశమయ్యాడు. ఆయన ఆనందం చూడాల్సింది. వడ్రంగి బాగా ఆలోచించి, మా నాన్న ఏ దేశంలో పుట్టినా నేను చేసిన తలుపులు ఈ మండలంలోనే ఉన్నాయి కదా, తలుపువాళ్లమని రాయండి అన్నాడు. నాకు తెలిసి ఆ మనిషి తన తండ్రి ఊసు నలుగురిలో ఎత్తడం అదే మొదలు. బాయిలరు ఆయన మాత్రం దిగనంటే దిగనన్నాడు. దిగక్కర్లేదులే, ఖాన్‌కీ నలుగురు మనవలు ఉండాలి కదా అంది దొల్గోర్. ఆ రోజు ఎవరూ ఎవరినీ ప్రభూ అనలేదు, అయినా ప్రతివాడూ తల ఎత్తుకునే ఇంటికెళ్లాడు.

పెళ్లి పోయిన వారం అయింది. తెల్లటి కొత్త గుడారం వాలుకింద వేశారు, ఉన్ని తెరలు నేనూ ఇరుగుపొరుగు ఆడవాళ్లూ కలిసి తొక్కి చేసినవే. గొంబో ఇంటి పొయ్యిలోంచి నిప్పు తెచ్చి ఉయంగా తన పొయ్యి వెలిగించింది. కంగారులో మొదటి టీలో ఒకసారి వేయాల్సిన ఉప్పు రెండుసార్లు వేసింది. అవ్వ ఒక గుక్క తాగి, కళ్లు మూసుకుని, చాలా బాగుంది అంది. నేనూ తాగాను. సముద్రం నేనెప్పుడూ చూడలేదు గానీ ఆ రుచి అలాగే ఉంటుందనుకుంటాను. ఇంత బాగున్న టీ నేను జన్మలో తాగలేదు. ఏడ్చాను కూడా, దాచను.

పాటలు మొదలయ్యాక గొంబో వెండి గిన్నె పట్టుకుని లేచి, అప్పుడు పెళ్లిలో ఆపించిన ఆ పాటే ఎత్తుకున్నాడు. మొదటి చరణం దాకా గొంతెత్తి పాడి ఆగిపోయాడు. ఆపడమే గానీ ఎప్పుడూ చివరిదాకా విననివ్వలేదు కదా, రెండోది ఆయనకి రాదు. మాకూ రాదు. అందరం కలిసి రాగం తీశాం, మాటల్లేకుండానే పాట పూర్తయింది. ఆయన నా దగ్గరకొచ్చి వియ్యపురాలా, మీ రుణం తీర్చుకోలేను అన్నాడు. ఉల్లిపాయ కుడుములు తినండి చాలు అన్నాను. తర్వాత అవ్వ నన్ను పక్కకి లాగి చెవిలో చెప్పింది. మా మామగారు ఒంటెల మీదికి మూటలెత్తిన మనిషి, మాది ఖాన్ ఎముక కాదని నాకు తెలీదా, వీడు ఎత్తుకున్న మూట వీడే దించుకుంటాడేమో చూద్దామనుకున్నాను, వీడి బదులు నువ్వు దించావు అంది. తొంభై ఏళ్ల మనిషి, కన్ను గీటింది!

అదీరా కథ. ఇప్పుడు మనం ఒక తల్లిబిడ్డలమై ఉండీ చెరో వంశం. నీకిది తలవంపులుగా ఉంటే నీ విద్యార్థులకి చెప్పకు. నాకు మాత్రం దొల్గోర్ ఆ గుండిగ అన్న పేరు రాసి చూపించినప్పుడు ఎంత ఆనందమేసిందో చెప్పలేను. పిల్ల గుడారం నా గుమ్మంలోంచి కనిపిస్తుంది. పొద్దున్నే దాని పొగ చూసి లేస్తున్నాను. కాలు బాగయ్యాక మరదల్ని తీసుకుని రా. చలి ముదరకముందే రా, లావుపాటి గొర్రెని ఒకదాన్ని నీ పేరున ఉంచాను.

నీ ఆయుష్షు పెరగాలనీ, నీ ఎముక త్వరగా అతుక్కోవాలనీ కోరుకుంటూ,
మీ అక్క,
గుండిగ వంశపు త్సెర్మా

తా.క. ఉత్తరం మడిచి, అంటించబోయి, మళ్లీ విప్పాను. ఇక్కణ్ణుంచి నువ్వొక్కడివే చదువు.

మనకి ఆధారం లేదని రాశావు కదా. ఉందిరా. అమ్మ పోయే ముందు చెప్పింది. నువ్వప్పుడు ఇర్కుత్స్క్‌లో చదువుకుంటున్నావు. మన తాత నిజంగానే బోర్జిగిన్. పెద్ద సంపదేం లేదు, చిన్న దొర, అంతే. ముప్పై ఏడులో ఆకుపచ్చ టోపీల రహస్య పోలీసులు వచ్చి నీ వంశమేది అని అడిగితే, ఉన్నది ఉన్నట్టు చెప్పాడట. తీసుకుపోయారు. తిరిగి రాలేదు. నాయనమ్మ పసివాడైన నాన్నని చంకనేసుకుని ఈ మండలానికి నడిచి వచ్చి, వంటవాడి పెళ్లాన్నని చెప్పుకుని, బడి వంటింట్లో గుండిగ దగ్గర చేరింది. నేను తర్వాత ఏళ్లతరబడి కలిపిన గుండిగ అదే. హాల్లో నోటికొచ్చింది అన్నానని అందరూ అనుకున్నారు, నీకూ అలాగే రాశాను. కాదు. నాన్నని బతికించిన పేరు అది.

ఆ పేరు చెబితే భయమూ ఉండకూడదు, గర్వమూ ఉండకూడదు, ఆ రెండూ లేని రోజు వస్తే తమ్ముడికి చెప్పు, ఒక్కటి మిగిలి ఉన్నా చెప్పకు అంది అమ్మ. నువ్వు చౌకులో కూర్చున్న ఏడు భయం పోయింది. రాద్దామనుకునేలోపు ఎక్కడ చూసినా గర్వమే. ఇప్పుడు నేను దిగాక నాలో అదీ లేదు, అందుకని చెబుతున్నాను. నాయనమ్మ ఆ పేరు ఏడుస్తూ వదిలింది, నేను నవ్వుతూ వదిలాను. మీరు సాధించిందేమిటని నీ విద్యార్థులు ఎప్పుడైనా అడిగితే ఈ ఒక్క ముక్క చెప్పు, ఎవరి ఇంటిదో చెప్పకు.

నువ్వు నీ పేరు ఉంచుకో. తాత పేరు ఒకరి దగ్గరైనా ఉండాలి, తెలిసి ఉంచుకోవడం వేరు.

గొంబోకి మాత్రం ఎప్పటికీ తెలియనివ్వకు. పాపం, రోజూ ఖాన్ పటం ముందు కూర్చుని టీ తాగుతూ, కోడలు గుండిగ వంశం నుంచి వచ్చినా తనకలాంటి పట్టింపులేమీ లేవని, మనుషులంతా ఒకటేనని, వచ్చినవాళ్లందరికీ చెబుతున్నాడు.